మియా గారి బూర

మార్చి నెల వచ్చిందంటే మా ఊళ్ళో రోడ్డు కనపడేది కాదు. హనుమాన్ జంక్షన్ నుంచి గుడివాడ వైపు వెళ్ళే తారురోడ్డు మా ఊరి దగ్గర కాలవను ఆనుకునే వెళ్తుంది. వరి కోతలయ్యాక మాగాణుల్లో పండించిన మినుమును అప్పుడే పీకుతారు. ఆ కట్టెను ఎండబెట్టి, మోపులు కట్టి తెచ్చి, రోడ్డు మీద ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పరుస్తారు. బస్సులూ లారీలూ దాని మీదుగా వెళ్తుంటే కాయలు పగిలి గింజలు రాలతాయి. ఎవరినీ బతిమాలే పని లేని నూర్పిడి.

మా నాన్న అంతోని, అమ్మ సంపూర్ణమ్మ కౌలుకు చేసిన ఎకరన్నర మినుమును కూడా అలాగే నూర్చేవాళ్ళు. నాన్న చేలో ఉంటే అమ్మ రోడ్డు మీద ఉండేది. తలకీ చెవులకీ తువ్వాలు చుట్టుకుని, పంగల కర్రతో కట్టెను తిరగేస్తూ, బండి వచ్చినప్పుడు తప్పుకుంటూ, వెళ్ళాక మళ్ళీ నడిమధ్యకు వస్తూ.

రెండు వేల మూడులో నేను విజయవాడ ఆటోనగర్‌లో ఒక స్పేర్ పార్టుల షాపులో కౌంటరు దగ్గర పనిచేసేదాన్ని. మా ఊరి నుంచి జంక్షన్ దాకా ఆటో, అక్కణ్ణించి బస్సు. నేను పెద్దగా మాట్లాడే మనిషిని కాదు. చూస్తూ కూర్చునేదాన్ని. చూడడానికి ఆ దారిలో చాలా ఉండేది. స్టాపులో ఆగకుండా నెమ్మదించే బస్సులు, పరిగెత్తి కమ్మీ పట్టుకునే ఆడవాళ్ళు, మలుపులో లారీని దాటుతూ ఎదురుగా వచ్చే మోటారు సైకిళ్ళు, వెనక దీపం లేని ట్రాక్టర్లు. దారి ఇవ్వడమంటే ఓడిపోవడం అన్నట్టు అందరూ ముఖం బిగించుకుని నడిపేవాళ్ళు.

మా షాపులో బాగా అమ్ముడుపోయేవి హారన్లు. "గుండెలదిరేది ఇవ్వమ్మా" అని అడిగేవాళ్ళు. పక్కన చూసుకునే అద్దాలు మాత్రం పగలగొట్టుకున్నవాళ్ళే కొనేవాళ్ళు. వాళ్ళలోనూ కొందరు "తల దువ్వుకోడానికి పనికొస్తుందిలే" అని నవ్వేవాళ్ళు. షాపుకు ఎదురుగా బాడీ కట్టే షెడ్డు ఉండేది. ముందు భాగం నుజ్జయిన లారీలను గొలుసులతో లాక్కొచ్చి అక్కడ నిలబెట్టేవాళ్ళు. అద్దాలు ఉండేవి కావు, తలుపులు ఉండేవి కావు. దిష్టికి కట్టిన పాత చెప్పు మాత్రం చెక్కుచెదరకుండా వేలాడుతూ ఉండేది.

అవన్నీ చూసి ఇంటికి వెళ్ళేటప్పుడు నాకు ఒకటే భయం. అమ్మ రోడ్డు మీద ఉంటుంది. ఆటో మా ఊరి మలుపు తిరగగానే నా కళ్ళు ఆమె తువ్వాలు కోసం వెతికేవి. కనపడితే ఊపిరి పీల్చుకునేదాన్ని.

"బండి వచ్చినప్పుడు తలెత్తి చూడొచ్చుగా అమ్మా" అని ఒకసారి అన్నాను.

"పొద్దుణ్ణించీ వచ్చే ప్రతి బండినీ తలెత్తి చూస్తే నా మెడ ఉంటుందా ఊడుతుందా? హారన్ వినపడగానే కాలవ వైపు తప్పుకుంటున్నాగా. బళ్ళన్నీ నడిమధ్యన పోతాయి. ఆ అంచుకి ఏ బండీ రాదు."

అది నిజమే. కాలవ వైపు అంచున ఆమె మంచినీళ్ళ కుండ ఉండేది. హారన్ మోగగానే అమ్మ తల తిప్పకుండానే ఆ కుండ దగ్గరికి నడిచేది. కాళ్ళకు అలవాటైపోయింది.

నేను ఎక్కే ఆటో బడే మియా గారిది. జంక్షన్‌లో కాపురం. అప్పటికే గడ్డం తెల్లబడింది. ఆయన ఆటో ఎక్కితే ఆలస్యం అవుతుందని అందరికీ తెలుసు. అయినా ఆడవాళ్ళం ఆయన ఆటో కోసమే నిలబడేవాళ్ళం. ఆ ఆటోకి పక్కన పాతకాలపు రబ్బరు బూర హారన్ ఉండేది. ఎండకు బీటలు వారి, దుమ్ము కొట్టుకుని ఉండేది. దాన్ని ఆయన నొక్కగా ఎవరూ వినలేదు. దారిలో ఎవరైనా అడ్డం ఉంటే ఆటో నెమ్మది చేసి, తల బయటికి పెట్టి పిలిచేవాడు. "అమ్మా, కొంచెం జరుగు తల్లీ." "అబ్బాయ్, ఒక్క పక్కకి రా నాయనా." గేదెలతో కూడా అలాగే మాట్లాడేవాడు.

మా ఊళ్ళోనే ఉంటూ జంక్షన్ బడిలో పనిచేసే వెంకటకృష్ణారావు మాస్టారికి అది చూస్తే ఒళ్ళు మండేది.

"ఏం మియా గారూ, గేదెకి అర్జీ పెట్టుకున్నారా? సంతకం పెట్టేదాకా ఆగాలా మేము?"

"పెడతది మాస్టారూ, పెడతది. చూడండి, తోక ఊపింది."

"ఆ బూర ఎందుకు మరి? ముద్దుకా?"

మియా గారు నవ్వి ఊరుకునేవాడు. ఆటోలో నేనొక్కదాన్నే ఉన్న రోజు ఆయనే చెప్పాడు. "హారన్ కొడితే మనిషి ఉలిక్కిపడతాడు బేటీ. ఉలిక్కిపడినవాడు ఎటు దూకుతాడో వాడికే తెలీదు. పిలిస్తే చూస్తాడు. చూసినవాడు తనే తప్పుకుంటాడు."

మినప కట్టె పరిచిన చోటికి రాగానే ఆయన ఆటో ఆపేసేవాడు. మేమంతా దిగి పక్కనుంచి నడిచి వెళ్ళాలి. ఖాళీ ఆటోను ఆయన మెల్లగా దాటించి, అవతల ఎక్కించుకునేవాడు. లారీకీ బస్సుకీ రెండు పక్కలా చక్రాలు. అవి తొక్కి తొక్కి కట్టెలో రెండు చాళ్ళు పడతాయి. మోటారు సైకిలువాడు ఏదో ఒక చాలులో వెళ్ళిపోతాడు. ఆటోకి ముందు చక్రం నడిమధ్యన ఉంటుంది. అక్కడ చాలు ఉండదు, కట్టె గుట్టలా పోగుపడి ఉంటుంది. చక్రం దాని మీదకు ఎక్కిందంటే హ్యాండిలు చేతిలో ఉండదు.

అవతల కట్టె పరిచే రత్తయ్య బాబాయికి ఇది పెద్ద వేడుక. మా పక్క చేను ఆయనదే.

"మియా గారూ! మీ బండి పోతే ఒక్క కాయ పగల్దండీ. మా కోడిపెట్ట తొక్కినా ఇంతకంటే రాల్తయ్ గింజలు!"

లారీ వస్తుంటే మాత్రం ఆయన రోడ్డు మీదకు వెళ్ళి రెండు చేతులూ ఊపేవాడు. "రా నాయనా, రా, ఇటు పోనియ్యి!" అని పిలిచేవాడు. ఎంత బరువుంటే అంత మంచిది, ఎంత జోరుగా వస్తే అంత మంచిది. అదే లారీ సాయంత్రం ఆయన కోడిని తొక్కితే, దాని డ్రైవరును తాతల దాకా తిట్టేవాడు. నేను రెండూ విన్నాను. మా ఊళ్ళో ఎవరికీ అందులో వింత కనిపించేది కాదు. మా అమ్మకు కూడా.

ఒక శనివారం షాపు వాళ్ళింట్లో పెళ్ళని మమ్మల్ని మధ్యాహ్నమే పంపేశారు. జంక్షన్‌లో మియా గారి ఆటో ఎక్కాను. మాస్టారూ ఉన్నారు. పడమటి గాలి ఈడ్చి కొడుతోంది. మలుపు తిరగగానే అమ్మ తువ్వాలు కనపడింది. రోడ్డు మధ్యన వంగి కట్టె తిరగేస్తోంది. ఎప్పటిలాగే ఆటో ఆగింది. మేము దిగాం.

"ఎక్కడం, దిగడం. ఎక్కడం, దిగడం. బస్కీలు తీయిస్తున్నాడు ఈయన" అని మాస్టారు గొణుగుతున్నారు.

అప్పుడే వెనకనుంచి ఇసుక లారీ వచ్చింది. దూరం నుంచే హారన్ మోగిస్తూ వస్తోంది. మా షాపులో గుండెలదిరేదని అడుగుతారే, ఆ రకం హారన్. మేము ఎడమ పక్కకు నక్కాం. ఆగి ఉన్న ఆటోను దాటడానికి లారీ కుడి వైపుకు, కాలవ వైపుకు తిరిగింది. దాటాక మళ్ళీ మధ్యకు వస్తుందనుకున్నాను. అన్నీ అలాగే వస్తాయి.

కానీ అవతల రత్తయ్య బాబాయి నిలబడి చేతులు ఊపుతున్నాడు. కాలవ వైపు అంచున ఏ బండీ తొక్కని కట్టె మిగిలిపోయిందని ఆయన బాధ. "ఇటు! ఇటే పోనియ్యి! అంచు మీదగా!" అని పిలుస్తున్నాడు. వంగి ఉన్న మా అమ్మకు అది వినపడలేదు. ఆమె వీపు మా వైపు ఉంది. లారీ అంచు పట్టుకునే వస్తోంది.

హారన్ విని అమ్మ కర్ర పుచ్చుకుని లేచింది. తల తిప్పలేదు. కుండ వైపు, కాలవ వైపు, ఎప్పటిలాగే నడవడం మొదలుపెట్టింది.

అరవాలని నోరు తెరిచాను. అరుపు బయటికి రాలేదు. లారీకీ అమ్మకూ మధ్య దూరం తరిగిపోతోంది. డ్రైవరు బ్రేకు తొక్కాడు. చక్రాలు తిరగడం ఆగాయి కానీ లారీ ఆగలేదు. కట్టె మీద జారుతూనే ఉంది.

పాం... పాం... పాం... పాం...

మొదట అది ఏమిటో నాకు తెలియలేదు. గొంతు బొంగురుపోయిన బాతు అరిచినట్టుంది. మియా గారు ఆటోలోంచి సగం బయటికి వంగి, రెండు చేతులతో ఆ రబ్బరు బూరను పిసుకుతున్నాడు.

అమ్మ ఆగింది. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంచి తల తిప్పింది. లారీ వైపు కాదు, ఆటో వైపు. ఆ చూస్తూ నిలబడిన క్షణంలోనే లారీ ఆమె ముందునుంచి జారుకుంటూ పోయింది. కుండ పగిలిన చప్పుడైంది. పంగల కర్ర చేతిలోంచి ఎగిరిపడింది. లారీ ముందు చక్రం ఒకటి మార్జిన్‌లోకి దిగి, కాలవ గట్టు మీద ఆగిపోయింది.

తర్వాత నేను ఎలా పరిగెత్తానో నాకు తెలియదు. అమ్మ భుజాలు, చేతులు, వేళ్ళు అన్నీ తడిమి చూశాను. ఆమెకు ఏమీ కాలేదు. ముఖానికి పట్టిన దుమ్ములో కళ్ళు మాత్రం తెల్లగా కనిపిస్తున్నాయి.

ఈలోగా అరుపులు మొదలయ్యాయి. లారీ డ్రైవరు దిగి వచ్చాడు. పాతికేళ్ళుంటాయేమో.

"రోడ్డు మీ తాతలు రాసిచ్చారా? కట్టె పరిచి చంపుదామనుకున్నారా?"

"నీ కళ్ళెక్కడున్నయ్ రా? మనిషి కనపళ్ళా?" అన్నాడు రత్తయ్య బాబాయి.

"కనపడింది! చెయ్యూపి ఇటు రమ్మంది నువ్వే గదయ్యా! ఆమె సంగతి నువ్వు చూసుకుంటావనుకున్నా. బ్రేకు తొక్కితే పట్టిందా దీని మీద?"

"అంత జోరుగా రమ్మన్నానా?"

"జోరుగా రాకపోతే తిట్టేది మీరే గదా! నిన్న పక్క ఊళ్ళో మెల్లగా పోతే, గింజ రాలట్లా, తొక్కు తొక్కు అని రాళ్ళేసినంత పని చేశారు!"

బాబాయి వంగి, ఎగిరిపడిన పంగల కర్రను తీసి అంచున పెట్టాడు.

మియా గారు అప్పుడు ఆటో దిగి వచ్చాడు. చేతిలో నీళ్ళ సీసా ఉంది. ముందు ఆ డ్రైవరుకు ఇచ్చాడు. "తాగు బాబూ. కూర్చుని తాగు. ఎవరికీ ఏం కాలేదు. అది చాలు." అతను రోడ్డు పక్కన కూలబడి, రెండు గుక్కలు తాగి, మోకాళ్ళలో తల పెట్టుకున్నాడు. తర్వాత మియా గారు సీసా అమ్మకు అందించాడు.

అమ్మ నీళ్ళు తాగలేదు. ఆయన ముఖంలోకి చూసింది.

"మియా గారూ, మోగింది మీ బూరేనా?"

"నాదేనమ్మా."

"ఈ దారిలో రబ్బరు బూర మీకొక్కరికే గదా. మీకేదో అయిందనుకున్నానండీ. గుండెనొప్పో ఏదో వచ్చి దాని మీద పడిపోయారనుకున్నా. అందుకే చూశాను."

మియా గారు గడ్డం సవరించుకున్నాడు. "పిలుద్దామనే అనుకున్నా తల్లీ. గాలి ఎదురు కొడుతోంది, ఆ లారీ మోత. నా గొంతు చాలదనిపించింది. నొక్కుతున్నంతసేపూ భయమే. ఉలిక్కిపడి అటే దూకుతావేమోనని."

"మీ మోతకి ఎవరు ఉలిక్కిపడతారండీ" అంది అమ్మ. అని, నవ్వబోయి, ఏడ్చేసింది.

ఆ రోజు నుంచీ నేను దాని గురించి చాలాసార్లు ఆలోచించాను. లారీ హారన్ అంత పెద్దదే, అమ్మకు వినపడింది కూడా. కానీ రోజంతా వినే మోత అది. తప్పుకోమని చెప్పింది గానీ తల తిప్పించలేకపోయింది. ఇన్నేళ్ళుగా మియా గారు ఆ బూర నొక్కకుండా ఉండబట్టే, నొక్కిన ఆ ఒక్కసారీ మా అమ్మ ఆగి చూసింది. మేమంతా వెక్కిరించిన ఆ ఓపికే మా అమ్మను మాకు మిగిల్చింది.

డ్రైవరు రివర్సు గేరు వేస్తే, అందరూ కలిసి లారీని గట్టు మీద నుంచి వెనక్కి నెట్టారు. రత్తయ్య బాబాయి అందరికంటే ముందు భుజం పెట్టాడు. డ్రైవరు వెళ్ళేటప్పుడు అమ్మ దగ్గర ఆగి, "కుండ పగలగొట్టానండీ" అన్నాడు. "పోనీలే నాయనా, మెల్లగా వెళ్ళు" అంది అమ్మ. మెల్లగానే వెళ్ళాడు.

నాన్న చేలోంచి వచ్చి సంగతి విన్నాడు. తలపాగా విప్పి మళ్ళీ చుట్టుకుని, రోడ్డు మీద కట్టెను మోపులు కట్టడం మొదలుపెట్టాడు. చీకటి పడేలోపు మా కట్టె అంతా కళ్ళానికి చేరింది. ఈస్టరుకు ముందు మా ఇంట్లో పని చాలా పెరిగింది. ఆదివారం గుడి నుంచి వచ్చాక నేను కూడా కర్ర పుచ్చుకుని కట్టె కొట్టాను. అరిచేతులు బొబ్బలెక్కాయి. అమ్మ తువ్వాలు కోసం రోడ్డు మీద వెతికే పని లేకపోయేసరికి ఆ నొప్పి నాకు నొప్పిలా అనిపించలేదు.

తూర్పారబట్టిన మినుముల్లో మొదటి సంచి అమ్మ జంక్షన్‌కు మోయించుకెళ్ళింది, మియా గారి ఇంటికి. ఆయన భార్య కుల్సుం గారు సంగతి విని మొదట నమ్మలేదు.

"ఈయనా? హారన్ కొట్టాడా? నలభై ఏళ్ళ కాపురంలో నన్నే ఒక్కసారి గట్టిగా పిలవలేదు. అన్నం పెట్టమని కూడా వంటగది గుమ్మం దాకా వచ్చి చెప్తాడు!"

"కొట్టారండీ. నాలుగుసార్లు కొట్టారు. నేను విన్నాగా" అంది అమ్మ.

"ఈయన చేత హారన్ కొట్టించావంటే చాలా గట్టి మనిషివమ్మా నువ్వు" అని కుల్సుం గారు అమ్మ గడ్డం పట్టుకుంది. ఆ మినుముల్లోవే కొన్ని నానబోసి, మరో రోజు మా ఇంటికి గారెలు పంపింది.

ఈస్టరు వెళ్ళాక అమ్మ గుణదల వెళ్ళి కొండెక్కి మేరీ మాత దగ్గర కొవ్వొత్తి వెలిగించింది. వచ్చాక ఏం ప్రార్థించావని అడిగాను.

"మియా గారిని చల్లగా చూడమని చెప్పా. అక్కడ అందరూ అంతోనీ, అబ్రహామూ అని చెప్తుంటారు గదా, ఈ పేరు ఆమెకి తెలుస్తుందో లేదోనని, ఆటో రంగు కూడా చెప్పా."

రత్తయ్య బాబాయి మాత్రం కళ్ళానికి వెళ్ళలేదు. "నాకు మోసే మనుషులు లేరు వదినా" అన్నాడు. లారీ వచ్చిన శనివారం పోయి సోమవారం పొద్దున్నే మళ్ళీ రోడ్డు మీద కట్టె పరిచాడు. నాకు కోపం వచ్చింది. మనుషులు ఇక ఎప్పుడు నేర్చుకుంటారు అనుకున్నాను. కానీ మియా గారి ఆటోలో ఆ చోటికి వచ్చేసరికి, దిగబోయినవాళ్ళం ఆగిపోయాం. రోడ్డంతా పరిచి ఉంది గానీ, నడిమధ్యన ఈ చివర నుంచి ఆ చివరకు సన్నగా, నల్లగా, చీపురుతో ఊడ్చినట్టు తారు కనపడుతోంది. ఆటో ముందు చక్రం పట్టేంత దారి.

బాబాయి పక్కన నిలబడి ఉన్నాడు. చేతులు ఊపడం లేదు. వెనక్కి కట్టుకున్నాడు.

"దిగక్కర్లేదండీ. అందర్నీ కూర్చోబెట్టుకునే పోనియ్యండి" అన్నాడు, మియా గారి ముఖం చూడకుండా.

"ఎవరు ఊడ్చారు రత్తయ్యా?"

"గాలికి అట్టా అయింది" అన్నాడు బాబాయి. ఆ పూట ఆకు కూడా కదలడం లేదు.

మియా గారు ముందు చక్రం ఆ గీత మీద పెట్టి మెల్లగా పోనిచ్చాడు. మాస్టారు కాళ్ళు బారజాపుకుని, "అమ్మయ్య, ఇవాళ బస్కీలు తప్పాయి. మియా గారూ, గేదె కనపడితే ఆపండి, నేను కూడా ఒక మాట మాట్లాడతాను" అన్నారు. ఆ యేడు మినుములు అయిపోయేదాకా ఆ గీత అలాగే ఉంది. లారీ డ్రైవర్లు దాన్ని చూసి ఇదేమిటా అనుకుని నెమ్మదించేవాళ్ళు. రత్తయ్య బాబాయి ఎవరినీ రమ్మని పిలవగా నేను మళ్ళీ చూడలేదు.

ఇక మిగిలింది ఆ బూర. ఆ రోజు పిసుకుడికి దాని రబ్బరు నిలువునా చిట్లిపోయింది. అలాంటిది మా షాపులో లేదు. ఆటోనగర్‌లో ఎవరిని అడిగినా నవ్వారు. "అది నొక్కితే ఎవరు వింటారమ్మా ఈ రోజుల్లో? కరెంటుది తీసుకో." చివరికి వన్‌టౌన్ సందుల్లో ఒక పాత సైకిల్ షాపులో దొరికింది. పైన వేలాడదీసి మర్చిపోయిన సరుకు. దుమ్ము దులిపి ఇచ్చాడు.

సాయంత్రం దాన్ని మియా గారి చేతిలో పెట్టాను. ఏం చెప్పాలో వారం రోజులుగా అనుకుంటూ వచ్చాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తీగతో బిగించి, గుడ్డతో తుడిచాడు.

"ఒక్కసారి నొక్కి చూడండి. మోగుతుందో లేదో" అన్నాను.

"మోగుతదిలే బేటీ" అన్నాడు. నొక్కలేదు.

ఆటో మా ఊరి మలుపు తిరిగింది. అమ్మ కళ్ళంలో చేటతో మినుములు చెరుగుతోంది. ఆటో ఏ చప్పుడూ లేకుండా రోడ్డు మీద మెల్లగా వెళ్తోంది. అయినా అమ్మ చేట ఆపి, తలెత్తి, మా వైపు చూసింది. మియా గారు తల ఊపాడు. ఆమె కూడా ఊపింది. మేము కాలవ మలుపు దాటేదాకా అలా చూస్తూనే ఉంది.